పెరటితోటకు పార మేలా, పవర్ వీడర్ మేలా?

కొత్త ఇంటి వెనుక మిగిలిన ఐదు సెంట్లలో, అంటే 242 చదరపు గజాల్లో, కూరగాయలు వేద్దామనుకునేవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న పనిముట్లది. పార, గునపం, బొరిగె సరిపోతాయా, లేక పెట్రోలుతో నడిచే పవర్ వీడర్ (బ్లేడ్లతో నేలను గుల్ల చేసి కలుపు తీసే చిన్న యంత్రం), బ్రష్ కట్టర్ (గడ్డి కోసే యంత్రం) కొనాలా? ఆ నేలలో ఏ కలుపు ఉందో చూసిన తరువాతే దీనికి జవాబు చెప్పాలని నా అభిప్రాయం. విస్తీర్ణం ఆ తరువాతి మాట.

తుంగ ఉన్న నేలలో యంత్రం మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. తుంగ దుంపలు భూమిలో గొలుసులా ఒకదానికొకటి అల్లుకొని ఉంటాయి. గిరగిర తిరిగే బ్లేడ్లు ఆ గొలుసును తెంచి దుంపలను మడి అంతటా చెదరగొడతాయి, విడిపోయిన దుంపలు ఎక్కడికక్కడ కొత్తగా మొలుస్తాయి. గరిక కూడా అంతే. తెగిన ముక్కకు ఒక్క కణుపు ఉన్నా అక్కడ వేరు దిగుతుంది. మా పెరట్లో మొదటి ఏడాది అద్దె వీడర్‌తో రెండుసార్లు దున్నించాం. అంతవరకు ఒక్క మూలనే ఉన్న తుంగ నెల తిరగకముందే మడులన్నిటా లేచింది. గునపంతో లోతుగా పెళ్లగించి, దుంపలను చేత్తో ఏరి పారేయడానికి ఆ పైన రెండేళ్లు పట్టింది.

తుంగ లేకపోయినా, కొత్త ఇంటి జాగాలో ఇటుక పెళ్లలు, సిమెంటు గడ్డలు, బైండింగ్ వైరు ముక్కలు పూడి ఉంటాయి. ఆ వైరు బ్లేడ్లకు చుట్టుకుంటే యంత్రం ఆగిపోతుంది. కనుక మొదటి తవ్వకం ఎలాగూ చేతితోనే చేయాలి. ఆ తరువాత, గట్టిపడిన నేలను గుల్ల చేయడానికి వీడర్ ఒక రోజు పనిని గంటలో ముగించే మాట నిజమే కాని, ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చే ఆ పనికి అద్దెకు తెచ్చుకుంటే చాలు. నల్లరేగడిలో అయితే నేల పదును, అంటే తగినంత తడి, చూసి వీడర్‌ను దింపాలి: గుప్పెడు మట్టిని ఉండ చేసి నడుము ఎత్తు నుంచి జారవిడిస్తే అది విడిపోవాలి, ముద్దగా నిలిచిందంటే ఇంకా తడి ఎక్కువని అర్థం.

గడ్డి కోతకు టూ స్ట్రోక్ బ్రష్ కట్టర్ తీసుకుంటే పెట్రోలులో ఆయిల్ కొలిచి కలపాలి, చప్పుడు భరించాలి, ఎగిరే రాళ్ల నుంచి కళ్లను, కిటికీ అద్దాలను కాపాడుకోవాలి. ఇంత చిన్న జాగాకు కొడవలి చాలు. వంగలేనివారికి నైలాన్ దారంతో కోసే బ్యాటరీ ట్రిమ్మర్ మేలు. స్ప్రేయర్ విషయంలోనూ ఇదే లెక్క: వేపనూనె కొట్టడానికి రెండు లీటర్ల చేతిపంపు సరిపోతుంది, వీపున తగిలించుకునే పదహారు లీటర్ల బ్యాటరీ స్ప్రేయర్‌లో నీళ్ల బరువే పదహారు కిలోలు.

యంత్రాల మీద మిగిల్చిన డబ్బులో కొంత మంచి పారకు పెట్టాలి. పలుచని రేకుతో చేసినది రాయి తగిలితే వంగిపోతుంది. కొలిమిలో కాల్చి సాగగొట్టి, తుమ్మకర్ర పిడి వేసినది ఏళ్ల తరబడి నిలుస్తుంది, అరిగినా సాన పట్టించుకోవచ్చు. కొమ్మలు కత్తిరించే కత్తెరలోనూ తేడా చూడాలి. రెండు అంచులూ పక్కపక్కన జారే రకం పచ్చి కొమ్మను నలపకుండా కోస్తుంది. పలకపై అంచు పడే రకం ఎండు కొమ్మలకు పనికివస్తుంది.

మిగిలిన సొమ్మును నీటికి కేటాయించమంటాను, ఎందుకంటే రోజూ ఉండే పని అదొక్కటే. మేడపై ట్యాంకు ఉంటే మోటారు అవసరం లేకుండా తక్కువ ఒత్తిడితో పనిచేసే డ్రిప్ (మొక్క మొదట్లో చుక్కలుగా నీళ్లు వదిలే గొట్టాలు) పెట్టుకోవచ్చు; గంటకు నాలుగు లీటర్ల డ్రిప్పర్ అరగంట నడిస్తే మొక్కకు రెండు లీటర్లు అందుతాయి, ఒత్తిడి తగ్గితే ఇంకొంతసేపు వదలాలి. బోరు నీటిలో ఉప్పు ఎక్కువైతే డ్రిప్పర్లు పూడుకుపోతాయి కనుక, విప్పి కడుక్కోగలిగే రకాన్నే ఎంచుకోవాలి; నలుసులు ఆగడానికి ముందు ఫిల్టర్ బిగించాలి.