నాలుగు ఎండాకాలాలు చూసిన కార్క్ పట్టీ

నల్గొండల మా మిద్దె మీద రేకుల రూంల హెచ్‌ఓ లేఅవుట్ (అసలు రైలును 87వ వంతుకు తగ్గిచ్చిన బొమ్మ రైలు లైను) ఉంది, పగిడిపల్లి–నడికుడి లైను తీరు సింగిల్ లైన్ చేద్దామని మొదలువెట్టిన. పట్టాల కిందికి 5 ఎంఎం కార్క్ పట్టీలు ఆన్‌లైన్ల తెప్పిచ్చిన.

సౌండ్ కాడ వంక పెట్టనీకి లేదు, ప్లైవుడ్ మీద ఉత్తగ పట్టా వేస్తే బండి పోతుంటె డబ్బా కొట్టినట్టు మోగేది, ఇప్పుడు ఆ గోల లేదు. వంపుల కాడ గూడ మంచిగనే వంగుతది.

తకరారంత కొలతలకాడనే. పట్టీ అడుగున వెడల్పు 44 ఎంఎం, అది స్టాండర్డ్ గేజ్ లెక్కన చేసింది (గేజ్ అంటే రెండు పట్టాల నడుమ దూరం, స్టాండర్డ్‌ది మన బ్రాడ్ గేజ్ కంటె తక్కువ). మన బ్రాడ్ గేజ్‌ల స్లీపరే (పట్టాల కింద అడ్డంగ వేసే దిమ్మె) 2750 ఎంఎం పొడుగు, రెండు దిక్కుల 350 చొప్పున షోల్డర్ (స్లీపర్ చివరల కాడ కంకర అంచు), ఆడికెళ్లి ఒకటిన్నరకు ఒకటి వాలు, స్లీపర్ కింద తక్కువల తక్కువ 300 కంకర, స్లీపర్ మందం గూడ కలిపి ఇవన్ని కూడి 87తోని భాగిస్తే అడుగున 58 దాక వస్తది. నాది మొదట్ల మెయిన్ లైన్ లెక్క లేకుండె, పాత గోదాం సైడింగ్ (సరుకు బండ్లు నిలిపే పక్క లైను) లెక్క కొట్టింది. తర్వాత రెండు పక్కల 7 ఎంఎం ఫోమ్ ముక్కలు అతికిచ్చిన. (గేజ్ గూడ 19.3 ఉండాలె, దొరికే పట్టా 16.5, దానికి మాత్రం చేతులెత్తేసిన.)

కంకర కొననే లేదు. 65 ఎంఎం రాయి ఈ స్కేల్ల ముప్పావు ఎంఎం అయితది, మా దిక్కు క్రషర్ డస్ట్‌కు కరువా, రెండు జల్లెడలు పట్టి అయస్కాంతం తిప్పిన, ఇనుప రజను ఉంటె ఇంజన్ మోటర్లకు పోతది. సబ్బునీళ్లు కొట్టి, సగం నీళ్లు కలిపిన ఫెవికాల్ సిరంజితోని వోసిన. రేకు కారిన కాడ మాత్రం అది మళ్ల మెత్తబడి కంకర ఊడింది.

మోరీ ముచ్చట చెప్పాలె. లైను పొడుగూత సైడు మోరీ పెట్టిన, రైల్వే పట్టాల గ్యాంగుల పనిచేసిన మా మామ చూసి నవ్విండు, "కట్ట మీద మోరీ ఎందుకు అల్లుడా, నీళ్లు వాలుకే దిగిపోతయ్, గుట్ట కోసిన కాడ పెట్టు" అన్నడు. సగం పీకేసిన. కంకర కింద మట్టికి 30కి 1 వాలు ఇయ్యమన్నది గూడ ఆయనే, పైకి కనవడదు గని అంచుకాడ తెలుస్తది.

ఎండకు కార్క్ అంచులు పెళుసెక్కి రాలుతున్నయ్, కంకర కప్పిన కాడ బాగనే ఉన్నది. ఇంక రెండు మీటర్లు మిగిలింది, దానికి పట్టీ వద్దు, షీటు తెప్పిచ్చి 58కే కోసుకుంట.