టోక్యోలో సోఫు తెషిగహారా జాడలు: ఏది చూడాలి, ఎక్కడ దిగాలి

ఇకెబానా (జపాన్ పూల అమరిక కళ) అనగానే గుడి, చాపలు, నిశ్శబ్దం ఊహించుకుని వెళ్లేవాళ్లు ఆ కళలో సోగెత్సు శాఖకు కేంద్రమైన సోగెత్సు కైకాన్ ముందు కాసేపు తికమకపడతారు. నిలువెత్తు అద్దాల గోడలు, ముందు ఆవోయామా రోడ్డు మీద వాహనాల హోరు. వాస్తుశిల్పి కెంజో టాంగే రూపకల్పనలో 1977లో లేచిన భవనం ఇది. నిజానికి ఆ శాఖ పెట్టిన సోఫు మనిషిని అర్థం చేసుకోవడానికి తగిన చోటే.

సోఫు తెషిగహారా (1900–1979) పూల అమరిక నేర్చుకున్నది తండ్రి దగ్గరే. ఆ కట్టుబాట్లు ఇమడక 1927లో సోగెత్సు పేరుతో సొంత శాఖ పెట్టాడు. ఎవరైనా, ఎక్కడైనా, ఎప్పుడైనా, ఏ వస్తువుతోనైనా చేయొచ్చన్నది దాని సూత్రం. యుద్ధం తర్వాత ఇనుము, ఎండిన మొద్దులు వాడాడు. కొయ్యకు లోహపు రేకులు తొడిగి శిల్పాలు చేశాడు. ఇదే స్థలంలో అంతకుముందున్న భవనంలో, సినిమా దర్శకుడైన కొడుకు హిరోషి నడిపిన కళాకేంద్రంలో 1962లో అమెరికన్ సంగీతకారుడు జాన్ కేజ్ కచేరీ జరిగింది.

ఇప్పటి భవనం లోపల తప్పక చూడాల్సింది శిల్పి ఇసాము నొగుచి చేసిన ‘స్వర్గం’: మెట్లుమెట్లుగా పైకి లేచే రాతి తోట, మధ్యలో నీళ్లు. అమరికలేవీ లేని రోజున ఒట్టి రాళ్లే కనిపిస్తాయి. పూలు కూడా కావాలంటే ప్రదర్శన తేదీలు చూసుకుని వెళ్లాలి, అదీ మొదటి రోజే. చివరికొచ్చేసరికి కోసిన కొమ్మలు వాడిపోతాయి. శని, ఆదివారాల్లో తెరిచే ఉంటుందని నమ్ముకోవద్దు.

దిగాల్సిన స్టేషన్ ఆవోయామా ఇచ్చోమే. నాలుగో ద్వారం నుంచి ఐదు నిమిషాల నడక. కెనడా రాయబార కార్యాలయం కనిపిస్తే దగ్గరికొచ్చినట్టే. బస అకసాకాలో అయితే నడిచి రావచ్చు గానీ గది ఖరీదు. అసాకుసా, ఉయెనోల్లో చవగ్గా దొరుకుతుంది, గింజా లైనులో రైలు మారకుండా వచ్చేయొచ్చు. ఈ ఒక్క చోటు కోసం అకసాకాలో డబ్బు పోయడం దండగ.

ఆ మిగిలిన డబ్బు క్లాసుకు పెట్టడం మేలు. విదేశీయులకు ఇంగ్లీషులో తరగతులున్నాయి, ముందుగా బుక్ చేసుకోవాలి. కట్టుబాట్లు తెంచినవాడి బడిలోనూ మొదట నేర్పేది కొలతలే, నవ్వొస్తుంది గానీ అదే నిజం. గిన్నె వెడల్పు, లోతు కలిపి ఒకటిన్నర రెట్లు పొడవాటి కొమ్మ ‘షిన్’. 30 సెంటీమీటర్ల వెడల్పు, 7 లోతు ఉంటే దాదాపు 56. అందులో ముప్పావు రెండో కొమ్మ ‘సొయె’, అంటే 42. దానిలో ముప్పావు మూడో కొమ్మ ‘హికాయె’, 31 పైచిలుకు. నిలువు గీత నుంచి వరసగా 15, 45, 75 డిగ్రీలు వంచాలి.

కొత్తవాళ్ల చేతిలో కొమ్మ పడిపోయేది ఎక్కువగా ఒకే కారణంతో: కొమ్మలు గుచ్చే ముళ్ల దిమ్మ, అంటే కెన్‌జాన్ ముళ్లలో ఏటవాలుగా పొడుస్తారు. కొమ్మ మొదలు ఏటవాలుగా కోసి, ముందు నిటారుగా దించి, కోసిన ముఖం పైకి ఉండేలా తర్వాత వంచాలి. లావుగా ఉంటే అడుగున అడ్డంగా, నిలువుగా చీల్చాలి. బరువుకు కెన్‌జానే లేస్తే వెనక అంచు మీద ఇంకోటి బోర్లించాలి. కాడలు నీళ్లలో ముంచి కోయకపోతే లోపలికి గాలి చేరి నీరెక్కదు, పువ్వు సాయంత్రానికే తల వాలుస్తుంది.

క్యోటోకీ వెళ్లేవాళ్లు రొక్కకుదో గుడి చూడాలి. సోఫు దూరం జరిగిన సంప్రదాయానికి మూలమైన ఇకెనోబో శాఖ పుట్టిల్లు అది. గంట చాలు.

కొనాల్సింది కెన్‌జాన్. సీసపు దిమ్మ, ఇత్తడి ముళ్లు. అరచేతిలో పట్టేదే అయినా బాగా బరువు. ముళ్ల మీద మందపాటి అట్ట కట్టి, కత్తెరతో పాటు చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి. చేతి సంచిలో ఉంటే విమానాశ్రయం తనిఖీలో వదిలేసి రావాల్సిందే.