జిరాక్స్ షాపులో అంతరిక్ష దొంగలు: స్టార్‌గ్రేవ్ ఆడి చూశాం

మూడు లాంతర్ల దగ్గర మా జిరాక్స్ షాపు. ఆదివారం మధ్యాహ్నమైతే షట్టరు సగం దించేస్తాను. మే నెల ఎండకి విజయనగరంలో ఆ వేళ రోడ్డు మీద కుక్క కూడా కనబడదు. అలాంటి ఒక ఆదివారం మా అక్క కొడుకు బొబ్బిలి నుంచి బస్సు దిగి వచ్చి, సంచీలోంచి గట్టి అట్ట పుస్తకం ఒకటి తీసి నా కటింగ్ టేబులు మీద పెట్టాడు. "ముందు అచ్చు చూడు మావయ్యా" అన్నాడు. నా బలహీనత వాడికి తెలుసు. చూశాను. మందమైన కాగితం, రంగుల అచ్చు, వంక పెట్టడానికి లేదు. ఆ తరవాత చెప్పాడు, అది చదివే పుస్తకం కాదట, ఆడే పుస్తకమట.

పేరు స్టార్‌గ్రేవ్. ఇంగ్లండులో ఆస్ప్రీ గేమ్స్ వాళ్లు 2021లో వేశారు. అక్కడివాళ్లకి పాతదే, మాకు కొత్త. పెద్ద యుద్ధం ముగిసి, లోకాలన్నీ పాడుబడి, దొంగల నౌకాదళాలు రాజ్యమేలుతున్న కాలంలో జరిగే కథ. నీకో చిన్న ఓడ, దానికో కెప్టెన్, అతని కింద ఒక ఫస్ట్ మేట్, అంటే ఉప నాయకుడు, ఇంకో ఎనిమిది మంది వరకూ మనుషులు. అవతలివాడికీ అంతే. మొత్తం 10 మంది బొమ్మలు ఇటు, 10 మంది అటు, మధ్యలో దోచుకోడానికి సరుకు. మూడడుగుల చదరం టేబులు చాలు. వందలాది బొమ్మలు పేర్చే ఆటయితే నేను అక్కడే దండం పెట్టేవాణ్ని.

బొమ్మలేవి అని అడిగాను. ఈ ఆటకని నార్త్ స్టార్ కంపెనీ ప్లాస్టిక్ బొమ్మలు చేస్తుంది, 28 మిల్లీమీటర్ల సైజు, పెట్టెకి 20 మంది, మనమే అతికించి రంగులు వేసుకోవాలి. వాటికి మా దగ్గర డబ్బుల్లేవు. పుస్తకానికే మావాడు మూడు వేలకి దగ్గరగా పెట్టాడు. "నువ్వు అట్ట ముక్కలతో ఆడినా పుస్తకం ఒప్పుకుంటాది మావయ్యా" అన్నాడు. నిజమే. ఫలానా కంపెనీ బొమ్మే కావాలన్న పట్టుదల ఈ ఆటలో ఎక్కడా లేదు. నాకు మొదట నచ్చింది అదే.

అట్ట ముక్కలంటే మరి నా వృత్తి కదా. మావాడు పెన్సిలుతో మనుషుల్ని గీశాడు. స్కాన్ చేసి, ముందూ వెనకా కలిసేలా అద్దంలో బొమ్మలా తిప్పి, మందమైన 300 జీఎస్ఎం బోర్డు మీద కలర్ ప్రింట్లు తీశాను. మడిచి అతికించి, అంచులు కత్తెరతో కాకుండా కట్టర్‌తో తీస్తే నీటుగా వచ్చాయి. నిలబెట్టాం. ఫ్యాన్ వేశాం. ఇరవై మందీ ఒక్కసారిగా ఎగిరి స్టాప్లర్ పిన్నుల డబ్బా వెనక్కి పోయారు. ఫ్యాన్ ఆపితే మేం బతకం, వేస్తే వాళ్లు నిలవరు. చివరికి ఒక్కొక్కడి కాళ్ల కింద డబుల్ టేపుతో రూపాయి బిళ్ల అంటించాం. ఇరవై రూపాయలతో సైన్యం స్థిరపడింది. సాయంత్రం చిల్లర కోసం మా ఆవిడ అందులోంచి నాలుగు పీకేసింది, అది వేరే సంగతి.

ఇక లోకం కట్టాలి. అడ్డాలు ఎక్కువుండాలని పుస్తకం మరీ మరీ చెబుతుంది, టేబులు ఖాళీగా ఉంటే తుపాకులున్నవాడిదే రాజ్యం అయిపోతుంది. ఖాళీ టోనర్ కాట్రిడ్జీలు నా దగ్గర బోలెడు. పడుకోబెడితే పడిపోయిన ఓడ ముక్కలు, నిలబెడితే ఇంధనం ట్యాంకులు. పాత ప్రింటరు లోపలి గేర్లు, ఇంకు సీసాలు, తాడు కట్టల మధ్య ఉండే అట్ట గొట్టాలు. నిజం చెప్పాలంటే ఆట కంటే ఈ గంటే నాకు హాయిగా గడిచింది. చేతులు మాత్రం నల్లగా అయిపోయాయి, తెల్ల బనీను సంగతి ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు.

కొలతలన్నీ అంగుళాల్లో. మా ఆవిడ కుట్టుమిషను డ్రాయర్లోంచి టైలరు టేపు తెచ్చాం. మనిషి ఒక్క కదలికలో 6 అంగుళాలు పోతాడు, కార్బైన్ తుపాకీ గుండు 24 అంగుళాల దూరం పోతుంది. ఇనప స్కేలైతే ట్యాంకుల మీంచి వంగదు, టేపు వంగుతుంది. కొనేవాళ్లకి నా సలహా, టేపే తీసుకోండి.

ఆడే పద్ధతి తేలికే. ప్రతి రౌండు మొదట్లో ఇద్దరూ 20 ముఖాల డైస్ వేస్తారు, ఎక్కువ పడినవాడిది ముందు. తన కెప్టెన్ని, అతనికి మూడంగుళాల దూరంలో ఉన్న ముగ్గురి వరకూ సైనికుల్ని కలిపి కదుపుతాడు. తరవాత అవతలివాడి కెప్టెన్. అదయ్యాక ఫస్ట్ మేట్లు, అదే లెక్కన. ఆఖరున మిగిలిన సైనికులు. ఎవరి పక్షమూ కాని జంతువులు టేబులు మీదకి వస్తే వాటి వంతు అన్నిటికన్నా చివర. దీనివల్ల ఒకడు అరగంట కదుపుతుంటే రెండోవాడు ఫోను చూసుకునే గొడవ లేదు. కెప్టెన్ పక్కన ఎవర్ని ఉంచుకోవాలి, ఎవర్ని దూరంగా పంపాలి అన్నదే ఈ ఆటలో అసలు లెక్క. దూరంగా పోయినవాడు తన వంతు వచ్చేలోపు చస్తాడు.

కెప్టెన్లకి పేర్లు పెట్టాలి. మావాడు బొబ్బిలి కుర్రాడు కదా, ఠక్కున తాండ్ర పాపారాయుడు అన్నాడు. "ఊళ్లోకి వచ్చి మరీ ఆ పేరేటిరా" అన్నాను. 1757 బొబ్బిలి యుద్ధం తరవాత మా ఊరి రాజుగార్ని డేరాలో పొడిచినవాడు మరి పాపారాయుడు. తగ్గుతామా, నా కెప్టెన్ విజయరామరాజు. పాపారాయుడు రోబోలు చేసే నిపుణుడు, మా రాజు ముసలి సైనికుడు. కెప్టెన్ పూర్వ వృత్తి ఏమిటన్నది ఎనిమిది రకాల్లోంచి ఎంచుకోవచ్చు. దాన్ని బట్టి అతని శక్తులు ఉంటాయి.

ఇప్పుడు నాకు మండిన చోటికి వస్తున్నాను. దగ్గరగా తలపడితే ఇద్దరూ డైస్ వేసి, తమ పోరాట బలం కలుపుకుంటారు. ఎక్కువ వచ్చినవాడు గెలుస్తాడు. గెలిచిన మొత్తంలోంచి ఓడినవాడి కవచం తీసేస్తే మిగిలేది దెబ్బ. నా రాజుకి బలం 3, కవచం 10, ప్రాణం 16. ట్యాంకు వెనక ఒంటరిగా దొరికాడు కదా అని ఒకడి మీదకి దూకించాను. పాపారాయుడు కూడా కాదు వాడు, ఊరూ పేరూ లేని కొత్త కూలీ, బలం 2. నాకు 4 పడింది, మొత్తం 7. వాడికి 19, మొత్తం 21. పది తీసేస్తే పదకొండు దెబ్బలు! పదహారు ప్రాణంలో ఐదు మిగిలింది. రాజు కుంటుకుంటూ వెనక్కి.

రెండు డైస్‌లు కలిపి వేసే ఆటల్లో నడిమి అంకెలు ఎక్కువ పడతాయి, మంచి యోధుడికి ఒక ధీమా ఉంటుంది. ఇక్కడ ఒకే డైస్, 1 పడే అవకాశం ఎంతో 20 పడే అవకాశమూ అంతే. మూడు కలిపినా, రెండు కలిపినా దాని ముందు ఏ మూలకి? చదరంగం బుర్ర ఉన్నవాళ్లకి ఇది ఒంటికి పడదు. మా బావ చదరంగం మనిషి, అరగంట చూసి "ఇది పేకాట కన్నా అన్యాయంరా" అని బజ్జీలకి వెళ్లిపోయాడు. నాకూ మొదటి ఆదివారం అలాగే అనిపించింది. మూడో ఆదివారానికి అర్థమైంది, కొట్లాటకి దిగడమే నా తప్పు. ఐదు చోట్ల సరుకు ఉంటుంది, కొన్ని తాళం వేసిన పెట్టెలు, కొన్ని కంప్యూటర్లలో సమాచారం. ఎత్తుకుని టేబులు అంచు దాటిస్తే నీది. పెట్టెలు తెరవడంలో ఒకడు, కంప్యూటర్లలో ఇంకొకడు సిద్ధహస్తులు, వాళ్లని కిరాయికి పెట్టుకుని, మిగతావాళ్లని వాళ్లకి కాపలా పెట్టి, దొరికింది దొరికినట్టు తీసుకుని పారిపోవాలి. అలా ఆడాక డైస్ మీద కోపం తగ్గింది.

డైస్ అంటే గుర్తొచ్చింది. ఆన్‌లైన్లో కొన్న సెట్టులో 20 ముఖాల డైస్‌కి 6 కిందా, 9 కిందా చుక్క లేదు. రెండో ఆదివారం సరిగ్గా పెట్టె తెరిచే వేళ అదే పడింది. "ఆరు మావయ్యా." "తొమ్మిదిరా, నీ వైపు తిరిగి ఉంది." పావుగంట టెన్షన్. చివరికి నాకే తట్టింది, మామూలుగా ఈ డైస్‌లలో ఎదురెదురు ముఖాలు కలిపితే 21 వస్తుంది. జాగ్రత్తగా ఎత్తి అడుగున చూశాం, 15. అంటే పైది ఆరు, వాడిదే నిజం. నెయిల్ పాలిష్‌తో రెండు ఎర్ర చుక్కలు పెట్టేశాను. అమ్మినవాళ్లకి ఫొటో పంపితే జవాబు లేదు. కొనేముందు ఫొటోలో చుక్క ఉందో లేదో చూసుకోండి.

ఆట అయిపోయాక ఉండే లెక్కలు నాకు బాగా నచ్చాయి. పడిపోయినవాళ్లకి ఒక్కొక్కరికీ మళ్లీ డైస్ వేసి, బతికాడా, గాయపడ్డాడా, పోయాడా తేలుస్తారు. తెచ్చిన సరుకు అమ్మితే డబ్బు, దాంతో కొత్త మనుషులు, ఓడకి కొత్త సామాను. కెప్టెన్‌కి అనుభవం పెరుగుతుంది. దీనికి ఒక ఖాతా పుస్తకం తెరిచాం, షాపు బాకీల పుస్తకం సైజుదే. నా గంగులు అనే పెట్టెలు విప్పేవాడు రెండుసార్లు పడిపోయి రెండుసార్లూ బతికాడు. మూడోసారి పోయాడు. అట్ట మనిషి, అయినా వాడి బొమ్మ చెత్తబుట్టలో వెయ్యబుద్ధి కాలేదు, క్యాష్ డ్రాయర్లో పెట్టాను.

పుస్తకం మీద నా ఫిర్యాదు ఒకటుంది. ఆటలో నిమిషానికోసారి కావలసిన పట్టికలు ఒక్క దగ్గర లేవు. ఆయుధాలు ఓ చోట, కాల్చేటప్పుడు చాటుకి కలిపే అంకెలు ఇంకో చోట, శక్తులు మరో చోట. మొదటి ఆట రెండున్నర గంటలు పట్టింది, అందులో గంట పేజీలు తిప్పడమే. మావాడు కొన్న పుస్తకంలోంచి మాకు కావలసినవి ఏరి తెలుగులో రాసుకుని, ఏ4 కాగితానికి రెండు వైపులా తీసి లామినేషన్ చేశాను. మూడో ఆట గంటా పావులో అయిపోయింది.

పదేళ్ల పిల్లలకి ఇది కష్టం, నియమాలు ఇంగ్లీషులో చాలానే ఉన్నాయి. ఇంజనీరింగ్ కుర్రాళ్లకి, తీరిక ఉన్న మావయ్యలకి బాగుంటుంది. ఇద్దరికీ కలిపి ఒక్క పుస్తకం సరిపోతుంది. డైస్ ఇద్దరికీ వేరే ఉంటే మంచిది. మాకు పుస్తకం కాకుండా బోర్డు, లామినేషన్, డైస్ కలిపి అయిన ఖర్చు ఆరు వందల లోపే, కూలి నాదే కాబట్టి. వచ్చే ఆదివారం నాలుగో ఆట. గంగులు బదులు కొత్తవాడి ప్రింటు తీశాను, కాళ్ల కింద అంటించడానికి రూపాయి బిళ్ల మాత్రం మా ఆవిడ్ని అడగాలి.