బీఈ స్టడీకి వాలంటీర్‌గా వెళ్లి వచ్చా, 5కి 3 ఇస్తా

పోయిన నెల హైదరాబాద్‌లో బీఈ స్టడీలు చేసే ఒక సెంటర్‌కి వాలంటీర్‌గా వెళ్లొచ్చా. పేరు రాయను, ఊరి చివర ఇండస్ట్రియల్ ఏరియాలో ఉంటుంది అంతే. బీఈ అంటే బయో ఈక్వివలెన్స్, అంటే ఒరిజినల్ మందుకి వేరే కంపెనీ జెనరిక్ చేస్తే అది కూడా రక్తంలోకి అంతే ఎక్కుతుందా, అంతే స్పీడుగా ఎక్కుతుందా అని ఆరోగ్యంగా ఉన్నోళ్లకి మింగించి చూస్తారు. రెండిటినీ పోల్చిన లెక్క 80 నుంచి 125 శాతం మధ్యలో పడాలి, పడితే పాస్. 2020లో నిమ్స్‌లో కోవాగ్జిన్ ట్రయల్‌కి సూది వేయించుకున్నోళ్ల లాగా గొప్పలు చెప్పుకోడానికేం లేదు, మాది మెడికల్ షాపుల్లో ఎప్పట్నుంచో దొరికే బీపీ మాత్రే.

మాది పిడుగురాళ్ల దగ్గర. ఇది ఎందుకు చెప్తున్నానంటే 2011లో మా వైపు నుంచి కూలికెళ్లే ఆడవాళ్లని హైదరాబాద్ తీసుకెళ్లి క్యాన్సర్ మందు మీద ఇలాంటి స్టడీ చేశారని, ఏంటో సరిగా చెప్పకుండానే సంతకాలు పెట్టించుకున్నారని పెద్ద గొడవైంది, టీవీల్లో కూడా వచ్చింది. అందుకే అమ్మకి ఫోన్‌లో చెప్పగానే "రక్తం అమ్ముకునే ఖర్మేంట్రా నీకు, ఇంటికొచ్చెయ్" అంది. కోచింగ్ ఫీజు కట్టాలి కదమ్మా అని పెట్టేశా.

స్క్రీనింగ్ మాత్రం బాగా చేశారు, ఇక్కడ వంక పెట్టను. ఎత్తు, బరువు, ఈసీజీ, రక్తం, యూరిన్, ఛాతీ ఎక్స్‌రే అన్నీ తీశారు. వేలిముద్ర కూడా తీసుకున్నారు, ఎందుకంటే కొంతమంది ఇక్కడ అయిపోగానే ఇంకో సెంటర్‌కి పోయి పడుకుంటారంట, స్టడీకి స్టడీకి మధ్య 90 రోజులు గ్యాప్ ఉండాలన్నారు. నా ముందు కుర్రాడికి హిమోగ్లోబిన్ తక్కువుందని వెనక్కి పంపేశారు, పాపం బస్ చార్జీలు ఇవ్వండి సార్ అని చాలాసేపు నిలబడ్డాడు.

చెక్-ఇన్ ముందురోజు సాయంత్రం. బ్యాగు మొత్తం దులిపారు, గుట్కా, సిగరెట్, చాక్లెట్ ఏదీ లోపలికి రాదు. టీ కాఫీలు కూడా బంద్, అందులో కెఫీన్ ఉంటది కదా. తాగొచ్చామేమో అని గొట్టంలో ఊదమన్నారు, యూరిన్‌లో గంజాయి లాంటివి ఉన్నాయేమో చూశారు. ఒక టీషర్ట్, దానికో నంబర్. అక్కడినుంచి నా పేరు "ఇరవై మూడు".

పొద్దున పది గంటల ఉపవాసం మీద చేతికి క్యాన్యులా పెట్టారు, అంటే మాటిమాటికీ గుచ్చకుండా రక్తం తీయడానికి నరంలో ఉంచేసే చిన్న గొట్టం. 240 మిల్లీలీటర్ల నీళ్లతో మాత్ర మింగాక నోరు తెరిపించి టార్చ్ వేసి నాలుక కింద, బుగ్గల్లో వెతికారు, చిన్నప్పుడు అమ్మ డోలో వేసినప్పుడు కూడా ఇంత అనుమానపడలా. ఇక గడియారమే రాజ్యం. మొదట పావుగంటకోసారి, తర్వాత అరగంట, గంట, అట్లా మర్నాడు పొద్దుటి దాకా రక్తం తీస్తూనే ఉంటారు, గోడమీద పెద్ద డిజిటల్ గడియారం చూసుకుంటూ. బాత్రూంలో ఉన్నా తలుపు కొట్టి "ఇరవై మూడు, టైమైంది" అంటారు. రక్తం తీసే అక్క చెయ్యి మాత్రం బంగారం, ఒక్కసారి కూడా రెండోసారి గుచ్చలేదు.

నా బాధంతా ఇక్కడే. రక్తానికి నిమిషాలతో సహా లెక్క ఉంది, కన్సెంట్‌కి, అంటే అన్నీ తెలుసుకుని ఒప్పుకుని సంతకం పెట్టేదానికి మాత్రం లేదు. తెలుగు ఫారం పదిహేను ఇరవై పేజీలుంది, మా బ్యాచ్ మొత్తాన్ని ఒక హాల్లో కూర్చోబెట్టి ఒకతను గడగడా చదివేసి డౌట్లున్నాయా అన్నాడు, ఎవరూ నోరెత్తలా. ఆ తెలుగు కూడా ఎట్లుందంటే "ప్రతికూల సంఘటన సంభవించిన యెడల" అంట, నా పక్కనున్న తాపీ మేస్త్రి అన్న "ఏంటి తమ్ముడూ అంటే" అని అడిగితే నేనే చెప్పా, మందు పడక ఏమన్నా అయితే అని. మందుల ట్రయల్స్ మీద వచ్చిన 2019 రూల్స్ ప్రకారం స్టడీ వల్ల మనకేదన్నా అయితే వైద్యం ఫ్రీగా చేయించాలి, నష్టపరిహారం కూడా ఇవ్వాలి, మధ్యలో వద్దనిపిస్తే కారణం చెప్పకుండా వచ్చేయొచ్చు. వాలంటీర్లకి అన్యాయం జరక్కుండా చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబర్ కూడా ఫారంలోనే ఉంటుంది. ఇవన్నీ నేను ఆగి చదువుకుంటే తెలిసినవి, వాళ్లు నొక్కి చెప్పినవి కాదు. నాకు కాపీ కూడా అడిగితేనే ఇచ్చారు, అసలైతే అడక్కుండానే ఇవ్వాలి.

తిండి పర్లేదు, మాత్ర వేసిన నాలుగు గంటలకి భోజనం, చపాతీ అన్నం పప్పు కూర పెరుగు. అందరికీ ఒకే కొలత, మొత్తం తినాల్సిందే, నాకు నచ్చని సొరకాయ కూరతో సహా.

వారం గ్యాప్ ఇచ్చి మళ్లీ పిలిచారు, రెండోసారి రెండో మాత్ర. ఎప్పుడు ఏది వేశారో మనకి చెప్పరు. రెండుసార్లకీ కలిపి 11,000 ఇస్తామన్నారు, చివరి బ్లడ్ టెస్ట్ అయ్యాక రెండు వారాలకి అకౌంట్లో పడింది, వారంలో పడుద్ది అన్నారు మరి. నన్ను తీసుకెళ్లిన ఏజెంట్ అందులోంచి 1,000 అడిగాడు, ఇచ్చా, ఇవ్వకుండా ఉండాల్సింది, నేరుగా సెంటర్‌కి ఫోన్ చేసినా పేరు రాసుకుంటారని తర్వాత తెలిసింది. మేస్త్రి అన్న దగ్గర ఎంత నొక్కాడో.

సైడ్ ఎఫెక్ట్ అంటే మొదటిరోజు లేచి నిలబడితే కాస్త కళ్లు తిరిగాయి, డాక్టర్ వచ్చి బీపీ చూసి పడుకోబెట్టాడు, అంతే.

వెళ్లేవాళ్లు ముందురోజు ఫారం ఇంటికిమ్మని అడిగి తీరిగ్గా చదువుకోండి. వార్డులో ఏసీ మాత్రం గడ్డకట్టిస్తుంది, రెండో దుప్పటి ఉంటుంది లోపల, అడగాలి.