ఐదొందల ఏడాది ఫీజు క్రెడిట్ కార్డు: పర్లాకిమిడిలో చాలాకాలం వాడాక

ఫీజు 500 అంటారు గానీ స్టేట్‌మెంటులో పడేది 590. పైది 18 శాతం జీఎస్టీ. ఒక శాతం రివార్డు ఇచ్చే కార్డయితే 59 వేలు ఖర్చు పెడితేగాని ఆ ఫీజు కూడా గిట్టదు. విమానం ఎక్కని ఇంటికి లాంజ్ ఉచితమైతే ఒరిగేదేమీ లేదు. రూపే కార్డును యూపీఐకి కలుపుకుంటే మాత్రం ఇటు ఒడిశాలోని పర్లాకిమిడిలోనూ అటు ఆంధ్రలోని పాతపట్నంలోనూ దుకాణం క్యూఆర్ మీద చెల్లించవచ్చు. మా వైపు నిజంగా అక్కరకొచ్చేది అదే.

చిక్కంతా ఫీజు మాఫీ లెక్కలో ఉంది. 'ఏడాదికి లక్ష వాడితే ఫీజు లేదు' అన్నప్పుడు ఆ ఏడాది జనవరితోనో ఏప్రిల్‌తోనో మొదలవదు, కార్డు ఇచ్చిన నెలతో మొదలవుతుంది. పెట్రోలు, ఇంటద్దె, వాలెట్‌లో వేసిన డబ్బు, ఈఎంఐగా మార్చిన కొనుగోళ్లు చాలా కార్డుల్లో లెక్కకు రావు. వాపసు చేసిన వస్తువు ధర తీసేస్తారు. ఆఖరి రెండు మూడు రోజుల్లో కొన్నది సెటిల్ అయ్యేలోపే గడువు దాటిపోవచ్చు. అందుకే పదిహేను రోజుల ముందే ఆ లక్ష దాటించి, పైన నాలుగైదు వేలు ఎక్కువ ఉండేలా చూసుకోవాలి. ఎంత లెక్కకొచ్చిందో బ్యాంకుకు తెలుసు. ఆ అంకెను నెలనెలా స్టేట్‌మెంటులో చూపించకపోవడం ఖాతాదారుకు చేసే అన్యాయమే. కస్టమర్ కేర్‌ను అడిగితే చెబుతారు, జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి. మాఫీ అయ్యాక జీఎస్టీ 90 కూడా వెనక్కి వచ్చిందో లేదో చూడండి.

వాడని కార్డుతో ఇంకా ప్రమాదం. ఆ 590 కట్టకపోతే, గడువు మూడు రోజులు దాటాక ఆలస్య రుసుము, పైన వడ్డీ, ఆపై సిబిల్ రుణ చరిత్రలో మచ్చ. 2022 జూలై 1 నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, ఏడాదికి మించి వాడని కార్డు గురించి బ్యాంకు ముందుగా తెలియజేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, బకాయి లేకుంటే మూసేయాలి. ఛార్జీలు మార్చాలంటే కనీసం నెల ముందు చెప్పాలి. ఆ మార్పు నచ్చక కార్డు వదులుకుంటే అదనంగా ఏమీ వసూలు చేయకూడదు.

మూసేయదలిస్తే ఫీజు పడే నెలకు ముందే కదలండి. పాయింట్లు వాడేసి, కార్డు నుంచి ఆటోమేటిగ్గా పోయే చెల్లింపులు ఆపి, బకాయి పూర్తిగా కట్టి, రాతపూర్వకంగా అడగండి. ఏడు పనిదినాల్లో మూయకపోతే, బకాయి లేనివారికి ఆలస్యమైన ప్రతి రోజుకూ 500 రూపాయలు బ్యాంకే ఇవ్వాలి. ఈ నిబంధనను మెయిల్‌లో ఒక్క వాక్యంగా రాసినా పని త్వరగా అవుతుంది. మూసినట్టు లేఖ తీసుకోండి.

ఫిర్యాదు చేసి 30 రోజులైనా బ్యాంకు పలకకపోతే ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు సీఎంఎస్ అనే ఫిర్యాదుల పోర్టల్‌లో ఉచితంగా రాయవచ్చు. వివరాలకు 14448 నంబరు ఉంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. బ్యాంకుకు పంపిన ఫిర్యాదు నకలు, దాని నంబరు, ఫీజు పడిన స్టేట్‌మెంటు దగ్గర పెట్టుకోండి.