పెనీగెంటా, గ్రేట్ వర్న్‌సైడా: ఏది మేలు?

ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ డేల్స్‌లో ఒక రోజు నడకకు పెనీగెంట్ కొండ మేలా, గ్రేట్ వర్న్‌సైడ్ కొండ మేలా అని లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్ ప్రాంతాల తెలుగువారు ఏటా వేసవి రాగానే అడుగుతూనే ఉంటారు. ఎత్తులో చెప్పుకోదగ్గ తేడా లేదు. మొదటిది 694 మీటర్లు, రెండవది 704.

ప్రయాణ సౌకర్యంలో పెనీగెంట్‌దే పైచేయి. లీడ్స్‌లో రైలెక్కి హోర్టన్‌లో దిగితే అక్కడినుంచే నడక మొదలుపెట్టవచ్చు. గ్రేట్ వర్న్‌సైడ్‌కు కెటిల్‌వెల్ నుంచి ఎక్కాలి. ఆ ఊరికి రైలు లేదు, బస్సులూ తక్కువే.

అయినా నా దృష్టిలో ఈ ప్రశ్నను తేల్చేది కాలి కింది నేల. పెనీగెంట్, ఇంగిల్‌బరో, వర్న్‌సైడ్ (ఇది గ్రేట్ వర్న్‌సైడ్ కాదు, వేరే కొండ) అనే మూడు శిఖరాలను 12 గంటల్లో చుట్టి రావాలని వచ్చేవారి తాకిడికి కోసుకుపోకుండా పెనీగెంట్ దారిలో చాలాచోట్ల రాళ్లు పరిచారు, మెట్లు కట్టారు. సెలవురోజున అక్కడ ముందు నడిచేవారి వీపు చూస్తూ ఎక్కవలసి వస్తుంది. గ్రేట్ వర్న్‌సైడ్ మీద, ఇప్పుడు స్కౌట్ల బసగా ఉన్న హాగ్ డైక్ అనే పాత రాతి ఇల్లు దాటాక, పీట్ నేల మొదలవుతుంది. నీరు నిలిచిన చోట పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లుగా, ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పేరుకున్న నాచూ గడ్డీ అది. అడుగు వేస్తే మెత్తగా దిగబడుతుంది, కాలు తీయగానే బూటు గుర్తులోకి టీ రంగు నీరు ఊరుతుంది. లేతపచ్చగా మెరిసే నాచు మీద కాలు పెట్టకూడదని, గడ్డి దుబ్బుల మీదుగా సాగాలని కాసేపటికే తెలిసిపోతుంది. అలా నేలను చదువుకుంటూ నడిచేటప్పుడే గోల్డెన్ ప్లోవర్ పిట్ట వేసే ఒంటి ఈల చెవిన పడుతుంది. జనం బారులు తీరిన దారిలో అది వినబడదు. అందుకే నా ఓటు గ్రేట్ వర్న్‌సైడ్‌కే.



పెద్దవాళ్లు వెంట ఉంటే పెనీగెంట్ దక్షిణపు కొమ్ము దగ్గర చేతులు ఆనించి ఎక్కవలసిన రాతి అంచును తప్పించి, హోర్టన్ వైపు దారినే వెళ్లి రావడం మంచిది. పొగమంచు కమ్మితే గ్రేట్ వర్న్‌సైడ్ పైభాగంలో దారి ఆనవాళ్లు దొరకవు. పటమూ దిక్సూచీ వాడటం రానివారు అలాంటి రోజున దాని జోలికి పోకూడదు. పక్షులు నేల మీదే గూళ్లు కట్టుకుంటాయి కనుక మార్చి 1 నుంచి జూలై 31 వరకు ఇలాంటి మూర్ (చెట్లు లేని ఎత్తైన బీడు) నేలల్లో పెంపుడు కుక్కకు పొట్టి తాడు కట్టి నడిపించడం చట్టప్రకారం తప్పనిసరి.