స్ప్రింగు ఎయిర్ రైఫిల్‌కు ఇసుక సంచుల ఆసరా: ఏళ్ల తరబడి వాడాక

ఆసరా ఎంత గట్టిదైతే గురి అంత బాగా కుదురుతుందని నమ్మబలికి నాకు రైఫిల్ ముందువైపు బిగించే రెండు కాళ్ల బైపాడ్ అంటగట్టిన దుకాణదారుపై నాకు ఇప్పటికీ కోపమే. నాది బ్యారెల్‌ను కిందికి వంచి పెల్లెట్ పెట్టే స్ప్రింగు ఎయిర్ రైఫిల్. బైపాడ్ బిగించి, హైదరాబాదులో మేము సాధన చేసే రేంజిలోని సిమెంటు బల్లపై నిలిపితే గురి చూసే స్కోపులోని గీతలు రవ్వంతైనా కదిలేవి కావు గాని, పెల్లెట్లు మాత్రం పది మీటర్ల దూరంలోనే పైకీ కిందికీ చెదిరేవి. ఆ తరువాత కొన్న ఈ ఇసుక సంచుల జోడీ, అంటే ముందువైపు పెద్దదీ, భుజానికి ఆనే బట్ కింద పెట్టే చిన్నదీ, ఆ కోపాన్ని చాలావరకు చల్లార్చింది. దీనిలో నన్ను ఆకట్టుకున్న గుణం ఒక్కటే, మెత్తదనం.

ఆ మెత్తదనం ఎందుకు అవసరమో రైఫిల్ లోపల జరిగేది చూస్తే తెలుస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే బరువైన పిస్టన్ ముందుకు దూకడంతో రైఫిల్ వెనక్కి జరుగుతుంది. పిస్టన్ చివరకు చేరి, నలిగిన గాలి ఎదురుతన్నడంతో ఆగేటప్పుడు అదే రైఫిల్ ముందుకు కుదుపు తింటుంది. ఈ కదలిక మొదలయ్యేసరికి పెల్లెట్ ఇంకా బ్యారెల్ దాటి ఉండదు. అందువల్ల రైఫిల్ ప్రతిసారీ ఒకే తీరుగా కదిలితేనే పెల్లెట్లు ఒకచోట పడతాయి. గట్టి ఆసరా ఆ కుదుపును తిప్పికొట్టి రైఫిల్‌ను ఎగరేస్తుంది, అదీ ఒక్కో షాట్‌కు ఒక్కో విధంగా. సంచిపై అరచేతిని వెల్లకిలా పెట్టి, రైఫిల్ బరువు సరితూగే చోటును బిగించి పట్టకుండా దానిపై ఊరికే ఆనించి కాల్చడాన్ని షూటర్లు ఆర్టిలరీ హోల్డ్ అంటారు. ఈ సంచి ఆ పద్ధతికి కుదిరినట్లుగా నాకు మరే ఆసరా కుదరలేదు. కొన్న కొత్తలో అయితే ఎవరు అడిగినా దీన్నే కొనమని చెప్పేవాడిని.

ఆ ఉత్సాహానికి ఒక వానాకాలంలో అడ్డుకట్ట పడింది. జూలై నెలలో గ్రూపులు, అంటే వరుసగా కాల్చిన పెల్లెట్లు లక్ష్యంపై పడే గుంపులు, నిలువుగా సాగడం మొదలైంది. మొదట స్కోపును రైఫిల్‌కు పట్టి ఉంచే మౌంటును అనుమానించి విప్పి మళ్లీ బిగించాను. రైఫిల్‌ను పట్టుకునే భాగమైన స్టాక్ మరలు వదులయ్యాయేమోనని చూస్తే అవి బిగువుగానే ఉన్నాయి. పెల్లెట్ల డబ్బా మార్చినా తేడా కనిపించలేదు. చివరకు ఒక మిత్రుడు తన రైఫిల్‌ను నా సంచిపై పెట్టబోయి, "ఇది సంచా, రాయా?" అన్నాడు. విప్పి చూస్తే లోపలి ఇసుక తేమ పట్టి గడ్డకట్టింది. కంపెనీ వాళ్లు ఇసుకను సరిగా ఎండబెట్టకుండానే నింపి, గాలి ఆడని రెక్సిన్‌తో కుట్టేశారు; పై పొర చూడడానికి నిగనిగలాడుతుంది గనుక లోపలి సంగతి బయటపడదు. ఫిర్యాదు చేస్తే, కుట్టు విప్పినందువల్ల వారంటీ వర్తించదని బదులిచ్చారు. కుట్టు విప్పకుండా లోపలి ఇసుకను చూడడం ఎలా సాధ్యమో వారే చెప్పాలి. ఆ ఇసుకను జల్లించి, డాబాపై బాగా ఎండనిచ్చి, సంచి నిండుగా కాకుండా ముప్పాతిక వరకే తిరిగి పోశాక గ్రూపులు మళ్లీ దగ్గరయ్యాయి. బరువు తగ్గుతుందని కొందరు బియ్యం పోస్తారు. మన వాతావరణంలో పురుగు పట్టకుండా అది ఎన్నాళ్లు ఉంటుందో ఇంట్లో వంట చేసేవారిని అడిగితే చాలు.

సంచి బాగుపడ్డాక కూడా నా మెచ్చుకోలుకు కొన్ని హద్దులు పెట్టుకోక తప్పలేదు. రైఫిల్‌ను సంచిపై కాస్త ముందుకో వెనక్కో ఆనిస్తే పెల్లెట్ పడే చోటు మారిపోతుంది కనుక, స్టాక్‌పై చిన్న టేపు ముక్క అంటించి ప్రతిసారీ అక్కడే ఆనిస్తున్నాను. బ్యారెల్‌ను మాత్రం దేనికీ తగలనివ్వకూడదు. చిన్న సంచిని పిడికిట నొక్కుతూ గురిని పైకీ కిందికీ సవరించుకోవడం ముచ్చటగానే ఉంటుంది, కాని స్ప్రింగు రైఫిల్ బట్‌ను దానిపై గట్టిగా అదిమితే మళ్లీ పాత చెదురే. ఇక సంచిపై సరిచేసుకున్న జీరో, అంటే గురిపెట్టిన చోటే పెల్లెట్ పడేలా చేసిన స్కోపు అమరిక, నిలబడి కాల్చేటప్పుడు అలాగే ఉంటుందన్న హామీ లేదు. పది మీటర్ల పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటర్లే, హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఏ ఆసరా లేకుండా నిలబడి కాల్చే ఆ పోటీలోనే. పారా షూటింగులో రైఫిల్ బరువును చేతులతో మోయలేని ఎస్‌హెచ్2 విభాగం వారికి స్టాండు వాడనిస్తారు, అదీ స్ప్రింగుపై ఆడే స్టాండే.

కాబట్టి నాలాగా స్ప్రింగు రైఫిల్ ఉండి, ఏ పెల్లెట్ దానికి నప్పుతుందో పరీక్షించుకోవాలనుకునే వారికి ఈ జోడీ పనికివస్తుంది. ముందే గాలి నింపుకునే పీసీపీ రైఫిల్ ఉన్నవారికి పిస్టన్ కుదుపుల బెడద లేదు గనుక, నేను తిట్టుకున్న బైపాడే వారికి చాలవచ్చు. పోటీలకు సిద్ధమయ్యేవారు దీనికి ఎక్కువగా అలవాటు పడకపోవడం మంచిదని నా అభిప్రాయం. ద్విచక్ర వాహనంపై రేంజికి వెళ్లే నాకు ఈ బరువు ఇబ్బందే. మళ్లీ కొనవలసివస్తే చిన్న సంచిని ఉన్నదున్నట్లు తీసుకుని, పెద్దదాన్ని మాత్రం ఖాళీగా ఇమ్మని అడుగుతాను.